గురువారం పొర

ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టుకుంటున్నాను, ఏ లైటు కొనమంటావు అని ఎవరైనా అడిగితే చాలు, ఎల్లాజీ పిల్లనిచ్చే మామగారిలా ప్రశ్నలు మొదలుపెట్టేవాడు. తొట్టి లోతెంత? కిటికీ ఎటువైపు? చేపలేనా, పగడాలు కూడానా? చేపలే అంటే మొహం చిన్నబుచ్చుకుని, ఏదో ఒకటి తగిలించుకోండి, వాటికి చీకటి కాకపోతే చాలు అనేసేవాడు. పగడాలంటే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కునేవాడు. పగడం రాయి కాదు, మొక్కా కాదు, అదొక జీవి. దాని ఒంట్లో నాచు కాపురముంటుంది. ఆ నాచు వెలుతురు తిని దీనికింత పెడుతుంది. కాబట్టి లైటంటే మీకు దీపం, దానికి అన్నం. తక్కువైతే పస్తు, ఎక్కువైతే అజీర్తి. రోజుకి ఎనిమిది గంటలు, అంతే. తొమ్మిదో గంట వెలిగించినవాణ్ణి ఎల్లాజీ మనుషుల్లో జమకట్టేవాడు కాదు.

ఇంతా చేసి అతను చదివింది పదో తరగతి. భీమిలి రోడ్డులో ఉన్న పగడాల ప్రయోగశాలలో తొట్లు కడగడానికి చేరి, పద్నాలుగేళ్ళలో అక్కడి నీళ్ళూ లైట్లూ మొత్తం తన చేతిలోకి తెచ్చుకున్నాడు. ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఇందుమతి గారు కొత్త లైటు కొనాల్సి వస్తే ముందు పుస్తకాలు చూసేవారు, తర్వాత ఎల్లాజీ మొహం చూసేవారు.

రెండేళ్ళ కిందట ఆవిడ తాను పుట్టించిన కొత్త రకం పగడం ముక్కల్ని పనివాళ్ళకి తలా ఒకటి ఇచ్చి ఇళ్ళకు పంపారు. సముద్రంలో చచ్చిపోతున్న పగడాల చోట నాటడానికి చేసిన రకం అది. మామూలు వాటికంటే పదింతలు వేగంగా రాయి కట్టుకుంటుంది, రోజుకో పొర చొప్పున. మామూలు ఇళ్ళలో, మామూలు చేతుల్లో బతుకుతుందో లేదో చూడాలని ఆవిడ కోరిక. మిగతావాళ్ళ ముక్కలు ఆరు నెలలు తిరక్కుండానే పోయాయి. పెదజాలరిపేటలో ఎల్లాజీ ఇంటికి వచ్చినది మాత్రం బొటనవేలంత వచ్చి కాలీఫ్లవరంత అయింది.

ఆ గొప్పంతా తన లైటుదని ఎల్లాజీ అనేవాడు. కాదు, నా కబుర్లదని కూతురు కుందన అనేది. పదేళ్ళ పిల్ల. బడి నుంచి రాగానే సంచీ మంచం మీదికి విసిరేసి, తొట్టి అద్దానికి ముక్కు ఆనించి, ఆ రోజు ఎవరితో ఎవరు కటీఫ్ చెప్పుకున్నారో, టీచరు ఎవరి చెవి మెలేసిందో పగడానికి పూసగుచ్చినట్టు చెప్పేది. దానికి చెవులున్నాయేటే అని తల్లి పైడితల్లి విసుక్కునేది. అద్దం మీది ముక్కు మరకలు తుడవాల్సింది ఆవిడే మరి.

ఆగస్టులో ఇందుమతి గారు ఎల్లాజీకి మూడు కొత్త లైట్లిచ్చి, ఇంట్లో పగడానికి ఏది సరిపడుతుందో తేల్చి చెప్పమన్నారు. ఒకటి ఎండలా తెల్లనిది. రెండోది తెలుపూ నీలం కలిసినది. మూడోది పూర్తిగా నీలం, పది బారల లోతున ఉండే వెలుగు. ఎల్లాజీకి పండగొచ్చినట్టయింది. వారమంతా సాయంత్రాలు తొట్టి ముందు స్టూలు వేసుకుని, ఒక్కో లైటూ మార్చి మార్చి, పగడం రంగు ఎలా తిరుగుతోందో నోటుబుక్కులో రాసుకున్నాడు. గురువారం సాయంత్రం మూడోది ఖాయం చేశాడు.

శుక్రవారం పొద్దున కుందన తలనొప్పి అంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. మధ్యాహ్నానికి మెడ తిప్పలేకపోయింది. ఆసుపత్రిలో మెదడువాపు అన్నారు, చాలా ముదిరాక తెచ్చారన్నారు. సోమవారం పొద్దున్నే పిల్ల పోయింది.

*

ఇంటికి తెచ్చి తొట్టి పక్కనే పడుకోబెట్టారు. హాల్లో చోటున్నది అక్కడే. తల దగ్గర దీపం పెట్టారు. మనిషిని సాగనంపాక కూడా ఆ చోట దీపం ఉండాలి, పదోరోజు దాకా కొండెక్కకూడదు. అయితే ఆ ఇల్లు సముద్రానికి మూడు వీధుల్లో ఉంది. తలుపులు మూసినా సందుల్లోంచి గాలి కొడుతూనే ఉంటుంది. మొదటిరోజే దీపం మూడుసార్లు ఆరిపోయింది. మూడోసారి పైడితల్లి నేల మీద పడి, పిల్ల చీకట్లో ఎటు పోతాదని గుండెలు బాదుకుంటుంటే ఆపడం ఎవరివల్లా కాలేదు. చివరికి ఆవిడే తలెత్తి తొట్టి మీద లైటు చూపించి, అది ఉండనీ మావా, గాలికి పోదు అంది.

ఎల్లాజీ లేచి వెళ్ళి, లైటుని వేళకి ఆర్పే టైమరు పీకేసి, తీగని తిన్నగా గోడ ప్లగ్గుకి తగిలించాడు. తొమ్మిదో గంట వెలిగించినవాణ్ణి చీదరించుకునే మనిషి, పది రోజులు, రెండువందల నలభై గంటలు, ఆ లైటు ఆపలేదు. ఏం జరుగుతుందో ఎవరికి తెలియకపోయినా అతనికి తెలుసు. కానీ కూతురి దీపం ఆపమని ఏ నోటితో చెప్పగలడు? పదోరోజు అయ్యాక టైమరు మళ్ళీ పెట్టాడు. అప్పటికే పగడం కొసలు పాలిపోయి ఉన్నాయి.

నెల తర్వాత పనిలోకి వెళ్ళాడు. అక్కడ ఎవరూ అతనితో ఎక్కువ మాట్లాడలేదు, అదే నయమనిపించింది. ఒకరోజు ఇందుమతి గారు పాత తొట్టిలో ఏడాదిన్నరగా ఎదుగుదల ఆగిపోయిన అదే రకం పగడం మీద సన్నటి ఊదా కాంతి వేసి చూస్తున్నారు. ఆ కాంతి పడితే పగడం చర్మం పచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపును బట్టి లోపలి పొరలు లెక్కపెట్టొచ్చు. మెరుపు నిలకడగా లేదు, వణుకుతోంది. పంపు అదురు కాబోలు, ఏ పంపో చూద్దామని ఆవిడ ఆ వణుకుని స్పీకరుకి కలిపారు. గరగరమని కాసేపు ఏదో మోగి, ఆ మోతలోంచి ఒక మగ గొంతు వచ్చింది.

"ఒరే ఎండ్రకాయా, నిన్నెట్టిన తిండేటి సేసినావురా? అమ్మీసినావా?"

గదిలో ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. అది ఎల్లాజీ గొంతు. తొట్లు కడుగుతూ ఎండ్రకాయల్తో పోట్లాడడం అతనికి ఒకప్పుడు సరదా. ఎల్లాజీ మాత్రం నవ్వలేదు. చేతిలో బకెట్టు కింద పెట్టి, ఇది ఎప్పటిది మేడమ్ అని అడిగాడు. పొరలు లెక్కపెట్టి, ఏడాదిన్నర కిందటిదన్నారావిడ. అని, అతని మొహం చూసి, ఆవిడ కూడా నవ్వడం మానేశారు.

"మీ ఇంట్లోది బతికుందా, ఎల్లాజీ?"

"సగముంది మేడమ్."

తర్వాత పది రోజులు ప్రయోగశాలలో అందరూ దాని మీదే పడ్డారు. సాయంత్రం పొర గట్టిపడే కాసేపట్లో నీళ్ళలో ఏ శబ్దం ఆడితే అది రాతిలో సన్నటి ముడతలుగా నిలిచిపోతోంది. రోజంతా కాదు, ఎనిమిది గంటల లైటు పడిన రోజుకి పది సెకన్ల మాట మిగులుతుంది. ఊదా కాంతి పై పొర నుంచి లోపలికి, కొత్త రోజు నుంచి పాత రోజుకి, ఒక్కొక్కటే చదువుతూ పోతుంది, యంత్రం ఏ రోజు మాటని ఆ రోజుకి తిరగేసి సూటిగా వినిపిస్తుంది. పై పొర దాటకుండా లోపలి పొరకి దారి లేదు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. చదివిన చోట పగడం చర్మం కాలిపోతుంది. ఎండ్రకాయని తిట్టిన మాట వచ్చిన చోట రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ పడింది. ఒంట్లో బలమున్న పగడం నెలరోజుల్లో ఆ మచ్చ పూడ్చుకుంటుంది, మళ్ళీ వినొచ్చు. నీరసించింది పూడ్చుకోదు. చర్మం పోయాక లోపల ఎన్ని మాటలున్నా అది ఉత్త రాయే.

ఇందుమతి గారు ఇంటికి వచ్చి పగడాన్ని చూశారు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. తేరుకుంటే, ఏడాది పడుతుంది గానీ, జీవితాంతం కొంచెం కొంచెంగా పిల్ల గొంతు వినొచ్చు. ఇప్పుడే వినాలంటే ఉన్న చర్మానికి అయిదు నిమిషాలొస్తాయి, ఆ తర్వాత పగడం ఉండదు. తేరుకుంటుందా అని ఎల్లాజీ అడగలేదు. ఆ మాట ఆవిడకంటే తనకే బాగా తెలుసు.

పైడితల్లి అంతా విని తొట్టి వైపు చూసింది. అద్దం మీద ముక్కు మరకలు అలాగే ఉన్నాయి. కాల్చడానికి వీల్లేదంది.

"ఒకపాలి కాల్చొచ్చినాం గదా మావా. మళ్ళీనా?"

*

అప్పట్నుంచి ఎల్లాజీ లైట్లతో చేసిన యుద్ధం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. నీలం లైటుని జానెడు పైకి ఎత్తాడు. ఎనిమిది గంటల్ని నాలుగు చేశాడు, తర్వాత మూడు. రెండో లైటు పెట్టి చూశాడు, తెలుపు తగ్గించాడు, పైన దోమతెర గుడ్డ కట్టి వెలుతురు పలచన చేశాడు. రోజు విడిచి రోజు తెల్లారకముందే తెప్ప మీద పోయి లోతు నీళ్ళు తెచ్చి పోశాడు. ఏ ఇంటికి ఏ లైటు పెట్టాలో ఊరందరికీ చెప్పిన మనిషికి తన ఇంట్లో తొట్టికి ఏ లైటు పెట్టాలో పాలుపోలేదు. వెలుతురు పెంచితే చర్మం కాలుతోంది, తగ్గిస్తే ఆకలికి ఎండుతోంది. తెలుపు రోజుకి గోరంత చొప్పున పైనుంచి కిందికి దిగుతూనే ఉంది.

ఈ లోపల అతనికి ఇంకో సంగతి తట్టింది. తట్టకుండా ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాడు. లైటు ఎక్కువసేపు ఉంటే ఈ రకం పగడం రాయి ఎక్కువ కడుతుంది, చచ్చే ముందు మరీ ఆత్రంగా కడుతుంది. అంటే ఆ పదిరోజుల పొరలు మామూలు వాటికి రెండింతలు మందం. వెలిసిపోయినప్పట్నుంచి కొత్త పొరలు లేవు. కాబట్టి పిల్ల మాటల మీద మూతలా ఉన్నది ఆ పదిరోజులే. ఉన్నది అయిదు నిమిషాలు. అందులో మూడు నిమిషాల ఇరవై సెకన్లు ఏడుపులకే పోతాయి.

ఆరు వారాలకి అరచేతంత మిగిలింది. ఒక ఉదయం ఎల్లాజీ స్టూలు మీద నిలబడి దోమతెర సర్దుతుంటే పైడితల్లి వెనక నుంచి అడిగింది, ఇంకెన్నాళ్ళుంటాదని. పది, కాకపోతే పదిహేను అన్నాడు. ఆవిడ తెల్లబడిన కొసల వైపు చూసింది.

"ఆ దీపం వల్లేనా?"

అతను స్టూలు దిగలేదు. వెనక్కి తిరగలేదు. "నాకు తెలుసు. తెలిసే తీసినాను టైమరు."

తిట్టినా బాగుండేదనిపించింది ఎల్లాజీకి. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెలిగించి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పోయేదాన్ని దాచుకుని ఏటి సేస్తాం. ఆ మేడమ్‌ని రమ్మను."

*

ఆదివారం పదకొండు గంటలకి ఇందుమతి గారు యంత్రాన్ని స్వయంగా పట్టుకొచ్చారు. సహాయకులెవర్నీ తీసుకురాలేదు. ఎల్లాజీ దోమతెర విప్పి, లైటు తీసి, దాని చోట చూపుడువేలంత ఊదా దీపాన్ని బిగించాడు. ఇన్నేళ్ళలో ఎన్ని లైట్లు బిగించాడో, ఎప్పుడూ ఏదీ జారవిడవలేదు. ఇవాళ స్క్రూ రెండుసార్లు నీళ్ళలో పడింది. పైడితల్లి తొట్టి ముందు నేల మీద కూర్చుంది. స్విచ్చి ఎల్లాజీ చేతికే ఇచ్చి, వచ్చిన మాటల్ని యంత్రం దాచిపెడుతుందని, అవెప్పుడైనా వినొచ్చని ఇందుమతి గారు చెప్పారు. రాని మాటల సంగతి చెప్పలేదు.

ఎల్లాజీ స్విచ్చి వేశాడు. అరచేతంత చోటు పచ్చగా వెలిగింది.

ముందు ఎవరో ఆడమనిషి ఏడుపు. బొంగురుపోయిన గొంతుతో, ఊపిరి అందక, మధ్యమధ్య పేరు పెట్టి పిలుస్తూ.

పైడితల్లి భయపడి, "ఎవులది?" అంది.

కాసేపటికి ఆవిడకే తెలిసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు వెనక ఎవరో పాలు విరిగాయంటున్నారు. ఎవరో ఫోనులో ఆటోవాడికి దారి చెబుతున్నారు. ఎవరో ముసలాయన దగ్గు. మళ్ళీ ఏడుపు, ముందు రోజుది, అంతకు ముందు రోజుది, వెనక్కి పోయేకొద్దీ గొంతు పదునెక్కుతూ. పచ్చటి వెలుగు అంచుల్లోంచి తెల్లబడుతోంది. తాము ఏడ్చిన ఏడుపు వినడానికి తాము మిగుల్చుకున్నదంతా ఖర్చయిపోతోంది. ఎల్లాజీ గడియారం చూస్తున్నాడు. రెండు నిమిషాలు. మూడు. ఇంకో ఇరవై సెకన్లు.

ఏడుపు తెగిపోయింది. తర్వాత ఉత్త పంపు మోత. అది ఆది, శని, శుక్రవారాలు, ఇంట్లో ఎవరూ లేని రోజులు. అరనిమిషం పాటు ముగ్గురూ ఆ ఖాళీ ఇంటిని విన్నారు.

"ఇక్కణ్ణించి గురువారం," అన్నారు ఇందుమతి గారు మెల్లగా.

పంపు మోత మధ్యలో, గాజుకి ఆనుకున్నంత దగ్గర్నుంచి, కుందన గొంతు వచ్చింది.

"నానా, తల నొప్పెడతంది. చాలా నొప్పెడతంది."

దానికి కొంచెం పైనుంచి, మగ గొంతు. కంగారు లేని, పనిలో మునిగిపోయిన గొంతు.

"ఒక్క నిమిషం ఉండమ్మా. ఈ నీలం సూసీనీ."

వంటింటి వైపు నుంచి మిక్సీ గుర్రుమంది. అది ఆగాక పిల్ల అంది, "సర్లే."

ఎల్లాజీకి ఆ సాయంత్రం అంతా గుర్తుంది. తెలుపు వేస్తే పగడం గోధుమరంగు తిరగడం, నీలం వేస్తే కొసలు పచ్చగా లేవడం, గడియారంలో ఏడు కావడం, నోటుబుక్కులో రాసిన మాటలతో సహా. ఈ రెండు మాటలూ గుర్తులేవు. ఎంత వెతుక్కున్నా అతని బుర్రలో అవి లేవు. అతను విననే లేదు, నోరే జవాబు చెప్పింది. ఒక రాత్రి ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే అన్న ఆలోచన వచ్చింది. లెక్క ప్రకారం ఇంకో నిమిషం మిగిలుంది, అందులో ఆరు రోజుల కుందన ఉంది. కానీ ఆ గొంతు వినే అర్హత తనకి లేదనిపించి, స్విచ్చి మీదకి చెయ్యి పోనిచ్చాడు.

పైడితల్లి నేల మీంచి లేచి అతని మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"ఆపకు మావా. ఆ మిక్సీ నాదే. నానూ ఇన్లేదు. ఇప్పుడైనా ఇందాం."

బుధవారం వచ్చింది. బళ్ళో ఎవరో స్కేలు విరగ్గొట్టి తన మీదకి తోశారని కుందన పగడానికి ఫిర్యాదు చేస్తోంది. మంగళవారం ఏదో చెప్పబోయి, నవ్వాపుకోలేక, ఏమీ చెప్పకుండానే పది సెకన్లూ నవ్వింది. సోమవారం ఎక్కాలు అప్పజెప్పింది, పదిహేడో ఎక్కంలో తప్పుపోయి మళ్ళీ మొదటికి వెళ్ళింది. ఆదివారం గొంతు చిరిగినట్టయి, దూరమై, పంపు మోతలో కలిసిపోయింది. మిగిలిన రెండు రోజులూ రాలేదు, ఆరు వారాల్లో పోయిన చర్మంతోనే పోయాయి. పచ్చటి వెలుగు నాణెమంత అయి, గింజంత అయి, పోయింది. ఇద్దరూ స్విచ్చి దగ్గర అలాగే నిలబడి, ఇంకేమైనా వస్తుందేమోనని తెల్లటి రాయి వైపు చెవి పెట్టారు.